ఒకే విశ్వవిద్యాలయం, మూడు క్యాంపస్‌లు: బి.ఎస్సీ. నర్సింగ్‌కు దేనిని ఎంచుకోవాలి?

పలమనేరు_తండ్రి

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ బైపీసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. బి.ఎస్సీ. నర్సింగ్ తప్ప మరొకటి చదవనని పట్టుదలగా ఉంది. మా బంధువర్గంలో ఆసుపత్రి ఉద్యోగం చేసినవారు ఎవరూ లేకపోవడం వల్ల ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను.

మేము చూస్తున్న డీమ్డ్ విశ్వవిద్యాలయానికి (విశ్వవిద్యాలయ హోదా పొంది సొంతంగా పట్టాలిచ్చే సంస్థ) మూడు క్యాంపస్‌లు ఉన్నాయి. మొదటిది పక్క రాష్ట్రంలో పెద్ద నగరంలో ఉంది, అక్కడ ఫీజు ఎక్కువ. రెండోది మా ఇంటికి రెండు గంటల దూరంలో హైవే పక్కన ఉంది. మూడోది ఈమధ్యనే తెరిచారు, అక్కడ ఫీజులో రాయితీ కూడా ఇస్తామంటున్నారు. అడ్మిషన్ల కౌంటర్లో కూర్చున్న అతను, "సార్, ఏ క్యాంపస్‌లో చదివినా పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే, సిలబస్ కూడా ఒకటే, అలాంటప్పుడు ఎక్కువ ఫీజు ఎందుకు కడతారు?" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. అయినా ఏదో అడగవలసింది అడగకుండా వచ్చేశానన్న అనుమానం పోవడం లేదు. దీనితోపాటు తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో కౌన్సెలింగ్ ద్వారా వచ్చే కన్వీనర్ కోటా సీటుకు కూడా ప్రయత్నించాలా అన్నది నా రెండో ప్రశ్న.

అలిపిరి_సిస్టర్

నమస్కారమండీ. తిరుపతిలో ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఆ కౌంటర్లోని అబ్బాయి చెప్పినది అబద్ధం కాదు. పట్టా విశ్వవిద్యాలయానిదే, సిలబస్ భారత నర్సింగ్ మండలిదే. అయితే మీ అమ్మాయికి నర్సు పని నేర్పేవి ఆ రెండూ కావు, వార్డులోని మంచాలూ ఆ మంచాల మీది రోగులూ. ఈ క్యాంపస్‌కూ ఆ క్యాంపస్‌కూ తేడా వచ్చేది అక్కడే.

మా వార్డుకు రకరకాల కాలేజీల నుంచి పిల్లలు పోస్టింగ్‌కు, అంటే వార్డు పని నేర్చుకోవడానికి, వచ్చేవారు. ఎవరు ఎలాంటి ఆసుపత్రి చూసి వచ్చారో ఉదయం డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ సమయంలోనే తెలిసిపోయేది. నైట్ డ్యూటీ సిస్టర్ మంచం మంచం దగ్గర ఆగి, సెలైన్ ఎంత మిగిలిందో, యూరిన్ బ్యాగులో ఎంత పడిందో, తెల్లవారుజామున జ్వరం ఎంత ఉందో, ఏ మందు ఇంకా ఇవ్వవలసి ఉందో చెబుతుంటే, అలవాటున్న పిల్ల కేస్ షీట్ చూడకముందే కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టిన చెయ్యి వాచిందా అని చూసేది. అలవాటు లేని పిల్ల నోట్ పుస్తకంలో అన్నీ అందంగా రాసుకునేది గానీ రోగి వైపు తల తిప్పేది కాదు. ఇద్దరి మార్కులూ దాదాపు సమానంగానే ఉండేవి.

అందువల్ల క్యాంపస్ భవనం చూసి రావద్దు, ఆ క్యాంపస్ పిల్లలు రోజూ వెళ్ళే ఆసుపత్రిని చూసి రండి. ఉదయం పూట వెళ్ళండి. సాయంత్రం ఏ ఆసుపత్రి అయినా ఖాళీగానే కనిపిస్తుంది.

రెండో_ఏడాది

అంకుల్, నేను ఇలాంటి ఒక విశ్వవిద్యాలయపు రెండో క్యాంపస్‌లోనే చదువుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మాకు సొంత ఆసుపత్రి ఉంది గానీ అందులో రోగులు చాలా తక్కువ. అందువల్ల మెడికల్, సర్జికల్ పోస్టింగులకు మమ్మల్ని బస్సులో వేరే పట్టణంలోని ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఉదయం హాస్టల్లో టిఫిన్ పెట్టకముందే బస్సు బయలుదేరుతుంది, పొట్లాలు కట్టించుకుని బస్సులోనే తింటాం. అక్కడ మరో రెండు కాలేజీల పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఒక్కొక్క మంచం చుట్టూ యాప్రాన్లే కనిపిస్తాయి. ఒక ఇంజెక్షన్ ఇవ్వడానికి ఐదారుగురం వరుసలో నిలబడి, ఒకరు ఇస్తే మిగిలినవాళ్ళం "చూశాం" అని లాగ్ బుక్‌లో (చేసిన పనులు నమోదు చేసే పుస్తకం) రాయించుకున్న రోజులు ఉన్నాయి. ప్రధాన క్యాంపస్‌లోని మా బ్యాచ్ అమ్మాయిలకు ఆసుపత్రి హాస్టల్ ఎదురుగానే ఉంది. సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రం కూడా ఒకటే అన్నది మాత్రం నిజం.

పలమనేరు_తండ్రి

సిస్టర్ గారికీ, అమ్మాయికీ ధన్యవాదాలు. నాకు ఒక సందేహం ఉంది. ఆసుపత్రి ఎలా ఉండాలన్న దానికి నియమాలు ఏమైనా ఉన్నాయా? ఉంటే, ఒక సామాన్యుడు అక్కడికి వెళ్ళి ఏమి అడగాలి, ఏమి చూడాలి?

నర్సింగ్_ట్యూటర్_చిత్తూరు

ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబిస్తాను, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఇదే సమయంలో ఇదే ప్రశ్నను మా స్టాఫ్ రూమ్‌కు వచ్చే తల్లిదండ్రుల నుంచి వింటుంటాను.

భారత నర్సింగ్ మండలి నియమాల ప్రకారం నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి, అంటే సొంత ఆసుపత్రి, ఉండాలి. ఇది మొదటి మెట్టు మాత్రమే. వార్డులో విద్యార్థికీ రోగికీ నిష్పత్తి 1:3 ఉండాలన్నది దానికంటే ముఖ్యమైన నియమం. అంటే 60 మంది విద్యార్థులు ఒకేసారి వార్డులకు దిగితే 180 మంది రోగులు మంచాల మీద ఉండాలి. పడకలు కావు, రోగులు. పైగా నాలుగు బ్యాచ్‌ల పిల్లలు ఒకే ఆసుపత్రిని పంచుకుంటారన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. సొంత ఆసుపత్రి సరిపోకపోతే వేరే ఆసుపత్రితో అనుబంధం పెట్టుకోవచ్చు గానీ అది సాధారణంగా 15 నుంచి 30 కిలోమీటర్ల లోపు ఉండాలి. పైన అమ్మాయి రాసిన బస్సు ప్రయాణం ఈ నియమం నుంచి పుట్టినదే. బస్సు ఉండడం తప్పు కాదు. బస్సు దిగాక ఆ వార్డులో ఎన్ని కాలేజీల పిల్లలు ఉన్నారన్నది చూడాలి.

చదువు ఎలా సాగుతుందో తెలిస్తే ఆసుపత్రి ఎప్పుడు ఎంత అవసరమో మీకే అర్థమవుతుంది. 2021లో మండలి తెచ్చిన కొత్త నిబంధనలతో బి.ఎస్సీ. నర్సింగ్ వార్షిక పద్ధతి నుంచి సెమిస్టర్ పద్ధతికి మారింది: నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్లోనే అనాటమీ, ఫిజియాలజీలతోపాటు నర్సింగ్ ఫౌండేషన్స్ మొదలవుతుంది. మంచం సర్దడం, రోగికి ఒళ్ళు తుడవడం, బీపీ చూడడం అప్పుడే నేర్పుతారు. మూడు, నాలుగు సెమిస్టర్లలో అడల్ట్ హెల్త్ నర్సింగ్, అంటే మెడికల్, సర్జికల్ వార్డులు. వాటితోపాటే ఫార్మకాలజీ, పాథాలజీ. ఐదో సెమిస్టర్ నుంచి పిల్లల వార్డు, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ వస్తాయి. ఆరు, ఏడు సెమిస్టర్లలో ప్రసూతి. ఎనిమిదో సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్, 22 వారాలు: అడల్ట్ హెల్త్ 6 వారాలు, కమ్యూనిటీ, పిల్లలు, మానసిక ఆరోగ్యం, ప్రసూతి తలా 4 వారాలు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు కావాలి. పట్టా చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో 100 శాతం హాజరు పూర్తి చేయాలి, తగ్గిన గంటలను తరువాత వచ్చి కట్టవలసిందే.

ఇప్పుడు ఈ జాబితాను మీరు చూస్తున్న క్యాంపస్‌తో సరిపోల్చండి. గుండె, కిడ్నీ, న్యూరో వంటి ప్రత్యేక విభాగాలు ఘనంగా ఉన్న కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ బాగా నేర్చుకుంటారు గానీ, కాన్పులు అంతగా జరగని చోట ఆరో సెమిస్టర్లో ఏమి చేస్తారు? కాన్పులు చేయించిన సంఖ్య లాగ్ బుక్‌లో సంతకంతో సహా ఉండాలి. అందువల్ల "మీ పిల్లల ప్రసూతి పోస్టింగ్ ఎక్కడ?" అని సూటిగా అడగండి. అలాగే మానసిక ఆరోగ్యం గురించి అడగండి. మన వైపు కొన్ని కాలేజీలవాళ్ళు దీనికోసం పిల్లలను బెంగళూరు నిమ్హాన్స్‌కో, విశాఖపట్నం మానసిక వైద్యశాలకో తీసుకెళ్తారు. ఆ రోజుల బస, భోజనం ఖర్చు ఫీజులో ఉందా లేదా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఇంకొక మాట. విశ్వవిద్యాలయం ఒకటే అయినంత మాత్రాన దాని ప్రతి క్యాంపస్‌లోని నర్సింగ్ కాలేజీకి అనుమతి ఉన్నట్టు కాదు. ప్రతి కాలేజీకీ విడిగా అనుమతి, విడిగా సీట్ల సంఖ్య ఉంటాయి. మూడో క్యాంపస్ కొత్తదన్నారు కాబట్టి ఆ క్యాంపస్ పేరు మీద, ఈ విద్యాసంవత్సరానికి ఉన్న అనుమతి పత్రాన్ని చూపించమనండి. ప్రధాన క్యాంపస్ పత్రాన్ని చూపించి మాట దాటవేస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. డీమ్డ్ విశ్వవిద్యాలయం తన మూల స్థానానికి వెలుపల క్యాంపస్ పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఏ క్యాంపస్‌కు ఉందో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

మదనపల్లె_అన్న

ట్యూటర్ మేడమ్ చెప్పినదాన్ని కాదనను గానీ, ఆసుపత్రి ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవాలన్న ధోరణితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నేను చదివినది చిన్న ఊళ్ళో, పెద్దగా పేరు లేని కాలేజీలో. ఇప్పుడు ఒక కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్‌ను. నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ పరీక్షలో నన్ను ఏ క్యాంపస్ అని ఎవరూ అడగలేదు. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు దాటితే చాలు, కేంద్ర వేతన స్కేలు లెవెల్ 7 కింద మూల వేతనం 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది. బి.ఎస్సీ. వారు నేరుగా రాయవచ్చు. జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) వారికైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం కావాలి.

నా ఉద్దేశం ఏమిటంటే, ఇంటికి దగ్గరగా, అప్పు లేకుండా చదివే క్యాంపస్‌లో చేరి, మిగిలిన డబ్బూ సమయమూ చదువు మీద పెడితే ఆ అమ్మాయి నష్టపోదు. డబ్బుకు నిజంగా ఇబ్బంది అయితే మూడేళ్ళ జి.ఎన్.ఎం. చేసి, ఉద్యోగం చేసుకుంటూ తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదివే దారి కూడా ఉంది. మగపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకే, మనకు మిగిలేది 20 శాతం. కాబట్టి తయారీ మరింత గట్టిగా ఉండాలి.

అలిపిరి_సిస్టర్

నాయనా, నీవు కష్టపడి పైకి వచ్చావు, సంతోషం. అయితే పరీక్ష గట్టెక్కడం వేరు, ఉద్యోగంలో చేరిన మొదటి నెల వేరు. ఆ నెలలో రాత్రి రెండు గంటలకు రోగికి ఆయాసం ఎక్కువైనప్పుడు డ్యూటీ డాక్టర్ వచ్చేలోపు ఏమి చేయాలన్నది ఏ గైడ్ పుస్తకంలోనూ దొరకదు. తల వైపు మంచం ఎత్తడం, ఆక్సిజన్ పెట్టడం, పల్స్ ఆక్సీమీటర్ తగిలించడం, కేస్ షీట్‌లో సమయం వేయడం ఇవన్నీ చేతికి అలవాటై ఉండాలి. నీకు ఆ అలవాటు ఎక్కడో ఒకచోట పట్టుబడే ఉంటుంది. బహుశా మీ కాలేజీ చిన్నదైనా మీ జిల్లా ఆసుపత్రి పెద్దదై ఉంటుంది.

మదనపల్లె_అన్న

అది నిజమే సిస్టర్. మా పోస్టింగులు ప్రభుత్వ ఆసుపత్రిలోనే జరిగాయి, అక్కడ పని చేయడానికి చేతులే చాలేవి కావు. అయినా ఫీజు విషయంలో నేను అన్న మాట మీదే ఉన్నాను.

పుత్తూరు_బ్యాంకు

ఫీజు ప్రస్తావన వచ్చింది కాబట్టి నాకు తెలిసిన భాగం చెబుతాను. విద్యారుణంలో 4 లక్షల వరకు మార్జిన్ సొమ్ము (మీ వాటాగా పెట్టుకోవలసిన డబ్బు) గానీ ఆస్తి తాకట్టు గానీ అక్కర్లేదు, తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కేంద్ర రుణ హామీ పథకం కింద 7.5 లక్షల వరకు కూడా తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది వరకు కంతులు కట్టనక్కర్లేదు గానీ వడ్డీ లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. చాలామంది ఈ సంగతి వినిపించుకోరు. దరఖాస్తుతోపాటు ఆ కాలేజీకి నర్సింగ్ మండలి అనుమతి ఉన్నట్టు పత్రం అడుగుతాం. ట్యూటర్ గారు చెప్పిన క్యాంపస్ వారీ అనుమతి ఇక్కడ కూడా అడ్డుపడుతుంది, ఎందుకంటే ప్రధాన క్యాంపస్ పత్రం జతచేసి కొత్త క్యాంపస్ ఫీజుకు రుణం అడిగితే మేము ఇవ్వలేము.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మన రాష్ట్రంలో కన్వీనర్ కోటాలో చేరిన అర్హుల కోసం. మేనేజ్‌మెంట్ కోటా సీటుకూ, పక్క రాష్ట్రపు క్యాంపస్‌లో నేరుగా చేరిన సీటుకూ రాదు. "మా యూనివర్సిటీకి ఆంధ్రాలో కూడా క్యాంపస్ ఉంది కదా, మీకూ వస్తుంది" అని చెప్పి చేర్పించుకున్న సందర్భాలు మా కౌంటర్ దగ్గర విన్నాను.

పలమనేరు_తండ్రి

రీయింబర్స్‌మెంట్ గురించి నాతో కూడా అచ్చంగా అలాగే అన్నారు సార్. మరి తిరుపతి, చిత్తూరు కన్వీనర్ సీట్ల సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు.

నర్సింగ్_ట్యూటర్_చిత్తూరు

మన రాష్ట్రంలోని నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. 1986లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్‌గా మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్‌గా మారింది కాబట్టి పాత పత్రాల్లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడవద్దు. ఒకరకంగా చూస్తే అదే మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ చోట్ల విస్తరించిన నర్సింగ్ విశ్వవిద్యాలయం. చిత్తూరు కాలేజీ పిల్లలకూ శ్రీకాకుళం కాలేజీ పిల్లలకూ ఒకే ప్రశ్నపత్రం. అక్కడ కూడా కాలేజీకీ కాలేజీకీ తేడా ఆసుపత్రి దగ్గరే వస్తుంది. తిరుపతిలోని స్విమ్స్ (శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) మాత్రం తానే ఒక విశ్వవిద్యాలయం. 1995 నుంచి ఆ హోదా ఉంది. దాని నర్సింగ్ కాలేజీకి నోటిఫికేషన్ వేరుగా వస్తుంది కాబట్టి విజయవాడ నోటిఫికేషన్ ఒక్కటే చూస్తూ కూర్చోవద్దు.

తిరుపతికి ఉన్న అనుకూలత ఏమిటంటే, ఒకే ఊళ్ళో ప్రభుత్వ రుయా ఆసుపత్రి, దాని పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్, ఎముకల చికిత్సకు బర్డ్, 2021లో టీటీడీ ప్రారంభించిన పిల్లల గుండె ఆసుపత్రి, అలిపిరి వైపు క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇన్ని రకాల రోగులు ఆటో దూరంలో దొరికే పట్టణాలు రాయలసీమలో చాలా తక్కువ. ఏ కాలేజీకి వీటిలో ఏ ఆసుపత్రితో అనుబంధం ఉందన్నది మాత్రం కాలేజీ వారీగా అడిగి తెలుసుకోవాలి. తిరుపతిలో కాలేజీ ఉన్నంత మాత్రాన రుయాలో పోస్టింగ్ ఉన్నట్టు కాదు.

స్థానికత విషయం కూడా చూసుకోండి. కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకు, మన ఎస్వీ విశ్వవిద్యాలయ పరిధిలోని వారికి. మీ అమ్మాయి ఇంటర్ పలమనేరులోనే చదివింది కాబట్టి మీకు చిక్కు లేదు. ఇంటర్ కోసం బెంగళూరుకో చెన్నైకో పంపినవారికి స్టడీ సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది వస్తుంటుంది. అర్హత విషయానికి వస్తే ఇంగ్లీషులో పాసై, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 45 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం, డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండి ఉండాలి.

గుడిపాల_వాసి

వేలూరు పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ 1946లో మొదలైన రెండు చోట్లలో ఒకటి ఢిల్లీ అయితే రెండోది వేలూరు సీఎంసీయే (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ). ఇప్పుడు ఆ సంస్థకు ఊళ్ళోని పాత ఆసుపత్రితోపాటు రాణిపేటలో ఒక క్యాంపస్, మా గుడిపాల మండలంలో చిత్తూరు క్యాంపస్ ఉన్నాయి. ప్రమాదాల్లో దెబ్బతిన్నవారిని చూసే ట్రామా విభాగం రాణిపేటలో ఉంది. ఒకే సంస్థ అయినా ఒక్కొక్క క్యాంపస్‌లో కనిపించే రోగులు వేరు అనడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే అక్కడ సీటు రావడం తేలిక కాదు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి, సీట్లలో చాలా భాగం చర్చి సంస్థల సిఫార్సు మీద వచ్చేవారికి కేటాయిస్తారు. వార్డులో తమిళం తప్పనిసరి. మన చిత్తూరు పిల్లలకు అది బెంగ పడవలసిన విషయం కాదు గానీ, అక్కడికి బెంగాల్ నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ రోగులు వస్తారు కాబట్టి నాలుగేళ్ళు తిరిగేసరికి పిల్లలకు హిందీ, బెంగాలీ ముక్కలు కూడా వచ్చేస్తాయి.

లండన్_శ్రీకాళహస్తి

విదేశాలకు వెళ్ళే ఉద్దేశం ఉన్నవారి కోసం రాస్తున్నాను, మిగిలినవారు వదిలేయవచ్చు. మూడు క్యాంపస్‌ల విశ్వవిద్యాలయంలో చదివిన నాకు అసలు చిక్కు చదువు పూర్తయ్యాక వచ్చింది. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలన్నా, మరెక్కడికైనా మన చదువును మదింపు చేయించుకోవాలన్నా, ఏ సబ్జెక్టులో ఎన్ని గంటల పాఠం, ఎన్ని గంటల వార్డు పని అన్నది చదివిన చోటు నుంచే ధ్రువీకరించి పంపాలి. మార్కుల జాబితాలు ప్రధాన క్యాంపస్ పరీక్షల విభాగంలో ఉంటాయి, వార్డు గంటల రికార్డు మనం చదివిన క్యాంపస్‌లో ఉంటుంది. రెండు ఆఫీసులూ ఒకదాని మీద ఒకటి నెట్టుకుంటుంటే మధ్యలో గడువు దాటిపోయింది, మళ్ళీ ఫీజు కట్టాను. అందువల్ల చేరేటప్పుడే సీనియర్లను "ట్రాన్స్‌క్రిప్ట్ (ఈ మార్కులు, గంటల ధ్రువపత్రం) ఎవరిస్తారు, ఎంతకాలం పడుతుంది?" అని అడగడం మంచిది. క్యాంపస్ మూసేసినా, పేరు మారినా ఈ రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయన్నది కొత్త క్యాంపస్‌ల విషయంలో మరీ ముఖ్యం.

రిజిస్ట్రేషన్ కూడా అలాంటిదే. తమిళనాడులోనో కర్ణాటకలోనో ఉన్న క్యాంపస్‌లో చదివితే ముందు ఆ రాష్ట్ర నర్సుల కౌన్సిల్‌లో నమోదై, తరువాత ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు మార్చుకోవాలి. ఆ పని జరిగేదే గానీ, కాగితాలకూ తిరుగుడుకూ సమయం పడుతుంది. బ్రిటన్‌కు రావాలంటే ఇంగ్లీషు పరీక్ష అయిన ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, ముందు కంప్యూటర్ మీద సీబీటీ అనే రాత పరీక్ష, ఇక్కడికి వచ్చాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. సిస్టర్ గారు చెప్పిన చేతి అలవాటు ఆ ఓస్కీలో అక్షరాలా అక్కరకు వచ్చింది, ఎందుకంటే అక్కడ పరీక్షించేవారు మన ఎదురుగా నిలబడి, మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీ చూశామా, అలర్జీ ఉందా అని అడిగామా అన్నదానికే మార్కులు వేస్తారు.

నిర్వాహకులు

ఈ చర్చలో ఒక సభ్యుడు "నేరుగా సీటు ఇప్పిస్తాను" అంటూ ఫోన్ నంబరు పెట్టారు. ఆ వ్యాఖ్యను తొలగించాము. ఏజెంట్ల ప్రకటనలకు ఇక్కడ చోటు లేదు.

పలమనేరు_తండ్రి

పెద్దలు చెప్పినట్టే అమ్మాయిని వెంటబెట్టుకుని, హైవే పక్కన ఉన్న రెండో క్యాంపస్ ఆసుపత్రికీ, కొత్త క్యాంపస్‌కూ వెళ్ళి వచ్చాము. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

కొత్త క్యాంపస్‌లో రిసెప్షన్ దగ్గర ఏసీ, గాజు తలుపులు, పెద్ద తెర మీద ప్రధాన క్యాంపస్ వీడియో ఉన్నాయి. వార్డు చూపించమంటే కాసేపు కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. మంచాల మీద దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి, ఒక్క సెలైన్ స్టాండు కూడా మంచం పక్కన లేదు, అన్నీ గోడ వారన వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఓ మూల ఇద్దరు ముసలివాళ్ళు పడుకుని ఉన్నారు. మా అమ్మాయి మెల్లగా వెళ్ళి వాళ్ళలో ఒకాయన్ను పలకరిస్తే, ఉచిత కంటి శిబిరానికి వచ్చామని చెప్పాడు. ఈ క్యాంపస్ పేరు మీద అనుమతి పత్రం అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్, సెప్టెంబరులోపు వచ్చేస్తుంది, ఈలోపు ప్రధాన క్యాంపస్ కింద చేర్చుకుని తరువాత ఇటు మారుస్తాం" అన్నారు.

రెండో క్యాంపస్ ఆసుపత్రి దానికంటే చాలా మేలు. ఓపీ దగ్గర జనం ఉన్నారు, మెడికల్ వార్డు నిండుగా ఉంది. ప్రసూతి పోస్టింగ్ ఎక్కడని అడిగితే జిల్లా ఆసుపత్రితో అనుబంధం ఉందని కాగితం తీసి చూపించారు. అక్కడి ట్యూటర్ ఒకామె మా అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది, ప్రిన్సిపల్ గదిలోకి తీసుకెళ్ళకుండా నేరుగా స్కిల్ ల్యాబ్‌కు (బొమ్మల మీద పని సాధన చేసే గది) తీసుకెళ్ళింది. ఫీజు మాత్రం మాకు భారమే. కాబట్టి ముందు కన్వీనర్ కౌన్సెలింగ్‌లో తిరుపతి, చిత్తూరు కాలేజీలకు ఆప్షన్లు పెట్టి, స్విమ్స్ నోటిఫికేషన్‌కు కూడా దరఖాస్తు చేసి, అవి రాకపోతే ఈ రెండో క్యాంపస్ అనుకున్నాము.

చివరగా ఒక్కటి అడుగుతాను. సీటు ఆపి ఉంచాలంటే ఇప్పుడే కొంత సొమ్ము కట్టి, పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ అన్నీ ఇచ్చి వెళ్ళమంటున్నారు. ఒరిజినల్స్ అక్కడ ఉంటే కౌన్సెలింగ్‌లో ఏమి చూపించాలి?

నర్సింగ్_ట్యూటర్_చిత్తూరు

కొత్త క్యాంపస్ వాళ్ళు "ముందు అటు చేర్చి తరువాత ఇటు మారుస్తాం" అన్న మాటను అక్కడే వదిలేయండి. కౌన్సిల్ రికార్డుల్లో మీ అమ్మాయి పేరు ఏ కాలేజీ కింద నమోదైతే ఆ కాలేజీ విద్యార్థిగానే లెక్క.

ఒరిజినల్స్ ఇవ్వకండి. యూజీసీ 2018లోనే ఈ విషయంలో ఆదేశం ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు, విద్యార్థి సంతకం చేసిన జిరాక్సు కాపీలు తీసుకుంటే సరిపోతుంది. విద్యార్థి మానుకున్నప్పుడు ఫీజు ఎంత తిరిగి ఇవ్వాలన్నది కూడా ఆ ఆదేశంలోనే, చేరిక గడువుకు ఎన్ని రోజుల ముందు లేదా తరువాత మానుకున్నారన్న దాన్ని బట్టి ఉంది. సొమ్ము కట్టేటట్టయితే విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టి, క్యాంపస్ పేరు, కోర్సు పేరు, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. వ్యక్తుల ఖాతాకు పంపవద్దు.

పుత్తూరు_బ్యాంకు

ఆ రసీదు జాగ్రత్త. రుణం మంజూరయ్యాక మీరు ముందుగా కట్టిన సొమ్మును కూడా లెక్కలో చూపించాలంటే మాకు అదే ఆధారం. అమ్మాయి పేరు ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ ఒకేలా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, ఇంటిపేరు దగ్గరే చాలా ఫైళ్ళు ఆగిపోతుంటాయి.

పలమనేరు_తండ్రి

ఇప్పుడే చూశాను సార్, ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంది, మెమోలో ముందు పొడి అక్షరంగా ఉంది. రేపు ఉదయం మీసేవకు తీసుకెళ్తాను. కౌన్సెలింగ్ తేదీలు రాగానే మళ్ళీ ఇక్కడే రాస్తాను.